మూడు అరల సంచి

నాచారం,
25-9-1988.

ప్రభువు నీడలో క్షేమంగా ఉన్నావని నమ్మి, చెల్లెలు రాహేలుకు అక్క దానమ్మ రాసే ఉత్తరం.

ముందు నీ మోకాళ్ళ సంగతి రాయి. పోయిన ఉత్తరంలో కుడి మోకాలు అన్నావు, ఎడమది కూడా మొదలైందేమో అని నాకు భయంగా ఉన్నది. మరిది చంద్రయ్యకు దమ్ము ఎట్లున్నది? ఈ ముసురులో ఆయనను అరుగు మీద పడుకోనియ్యకు. హాస్టల్ పిల్లలకు గవదబిళ్ళలు అన్నావు, తగ్గినాయా? నీకు అంటుకోలేదు గదా? ఈ వయసులో అంటుకుంటే గొంతు మూసుకుపోతుందట. మీ నల్లమేక ఈనిందా? ఇక్కడ కొడుకు జోసఫ్‌కు నడుము పట్టింది, డ్యూటీకి వంగి నడుచుకుంటూ పోతున్నాడు. కోడలికి దగ్గు. నాకు ముందరి పళ్ళు రెండు ఊడినాయి, అద్దం చూసుకోవడం మానినాను. మిగతా అంతా దేవుని దయ.

ఇంక సంగతి. మన సంఘం పెట్టి వచ్చే జనవరికి ఇరవై అయిదు ఏండ్లు నిండుతాయని కృపానందం అయ్యగారు పోయిన ఆదివారం ఆరాధనలో చెప్పినారు. జనవరి 29 ఆదివారం నాడు ప్రేమవిందు. ఆరువందల మంది అంటున్నారు. ఉప్పల్, మల్లాపూర్, చెంగిచెర్ల, మేడిపల్లి వాళ్ళంతా వస్తారు, మన వీధిలోని హిందువులను కూడా పిలవాలని అయ్యగారి మాట. ఆరువందల మందికి నీళ్ళు ఎక్కడివి, వాన పడితే ఎట్లా, పొయ్యి కాడ పిల్లలు చేతులు కాల్చుకుంటే ఎవరు జవాబు చెప్తారు, ఒక్కరూ అడగలేదు. జనవరిలో వాన పడదు అంటాడు జోసఫ్. పడిన ఏడు నాకు గుర్తున్నది. అయ్యగారు చెప్పగానే అందరూ చప్పట్లు మాత్రం కొట్టినారు.

దీనికంతటికీ పెద్ద ఎవరంటే రాజ్యం. నువ్వు ఆమెను చూడలేదు. భీమవరం దిక్కు నుంచి వచ్చి రెండు ఏండ్లు కూడా కాలేదు. భర్త ఇక్కడ ఫ్యాక్టరీలో గుమస్తా, ఆమె పిల్లల బడిలో పంతులమ్మ. నలభై ఏండ్లు ఉంటాయేమో. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది, ప్రతి మాటకు అండి అంటుంది. పొడుగు నోటుబుక్కులో గీతలు కొట్టి సంఘంలో అందరి పేర్లు రాసింది. నీళ్ళ గుంపు, విస్తర్ల గుంపు, కట్టెల గుంపు, బియ్యం గుంపు అని విడదీసి, గుంపుకో రంగు రిబ్బను ముక్క పెట్టింది. అది రొమ్ముకు గుచ్చుకుంటే వాలంటీరు అన్నట్టు.

నాకు తెల్ల రిబ్బను. పెద్దల గుంపట. పని ఏమిటి తల్లీ అంటే ప్రార్థన, సలహా అన్నది. షామియానా కింద నాకు కుర్చీ వేస్తారట. రాహేలూ, ఇరవై రెండు ఏండ్లు ఆ చర్చిలో నిలబడిన మనిషికి ఇప్పుడు కుర్చీ వేస్తున్నారు.

బియ్యం గుంపులో నా పేరు లేదు. పదిమంది వయసుపిల్లలు ఒకటే ఆదివారం ప్లాస్టిక్ బకెట్లు పట్టుకొని ఇండ్ల మీద పడి బియ్యం తెస్తారట. అంటే నువ్వు కుట్టి ఇచ్చిన మూడు అరల సంచి ఏమి కావాలి? ప్రతి ఇంట్లో ఆడమనిషి అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా దేవుని పేర ఒక పిడికెడు ముంతలో వేస్తుంది. శనివారం శనివారం నేను పోయి ఆ ముంతలు సంచిలోకి వంపుకొని వస్తాను. పాతబియ్యం ఒక అర, కొత్తబియ్యం ఒక అర, కంట్రోలు షాపు దొడ్డుబియ్యం ఒక అర. చర్చి వెనుక అర్రలో మూడు డబ్బాలు. ఈ ఇరవై రెండు ఏండ్లలో ఏ విందుకూ అన్నం చెడలేదు, ఎందుకంటే ఏ బియ్యం దాని ఎసరులోనే పడింది. బకెట్లో అన్నీ ఒకటే అయిపోతాయి.

అది కూడా కాదు. నీకు కాబట్టి రాస్తున్నాను. సంచి భుజాన ఉంటే నేను ఎవరి గుమ్మం ముందైనా నిలబడి పిలుస్తాను. ఎవరికి జ్వరమో, ఎవరి బిడ్డ నెల తప్పిందో, ఎవరింట్లో మాటలు లేవో, అన్నీ ఆ ముంత దగ్గరే తెలుస్తాయి. సంచి లేకుంటే నేను ఎవరి ఇంటికి ఏమని చెప్పి పోవాలి?

ఏం చేయమంటావో రాయి. ఆలస్యం చేయకు, నాకు అన్నం సయించడం లేదు.

నీ అక్క
దానమ్మ


జహీరాబాద్,
6-10-1988.

అక్కకు రాహేలు రాస్తున్నది.

నా ఎడమ మోకాలు బాగానే ఉన్నది, నువ్వు దాని పేరు ఎత్తకుంటే ఇంకా బాగుంటుంది. ఈయనకు దమ్ము తగ్గింది. పిల్లలు లేచి ఆడుకుంటున్నారు. మేక ఈనింది, రెండు పిల్లలు. నీకు సయించని అన్నం సంగతి కోడలిని రాయమందును గానీ ఆమె నిజం రాస్తుందని ఊరుకున్నాను.

నీకు గుర్తుందా, బడిలో అమ్మగారు నాకు నీలం పూసల దండ ఇచ్చింది. నువ్వు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు దాన్ని తీసుకపోయి కోడిపెట్ట మెడకు కట్టినావు. ఆ పెట్ట దండతో సహా పొరుగింటి వాళ్ళ కూరలో పడింది. నీ ఉత్తరం చదివితే నాకు ఆ కోడే కండ్లముందు మెదిలింది. రాజ్యం మెడ జాగ్రత్త అని ఎవరైనా చెప్పాలె.

నవ్వులకు అన్నాను, కోపం తెచ్చుకోకు. ఆమె నీ సంచి గుంజుకోలేదు, ఆమెకు సంచి ఉన్నదనే తెలియదు. పోయి చెప్పు. బకెట్లు వద్దు, ఇది పద్ధతి అని చెప్పు. చెప్పకపోతే మనిషికి ఎట్లా తెలుస్తుంది? నువ్వు చెప్పవు, ఆమె అడిగే దాకా చూస్తావు, అడిగితే మూతి తిప్పుకుంటావు. నిన్ను నేను ఎరుగుదును.

ఇంకొక మాట. నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివినాను. ప్రేమ ఎక్కువై కాదు. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి, కాగితం అంచు దాటి రెండు మాటలు బల్ల మీద రాసి ఉంటావు, ఇక్కడికి రాలేదు. కండ్లకు మసకలు ఏమైనా వస్తున్నాయా? దాచకుండా రాయి.

రాహేలు


నాచారం,
20-11-1988.

రాహేలుకు,

మోకాళ్ళు జాగ్రత్త. చలి మొదలైంది, మరిదికి మంకీ టోపీ కొను. మేకపిల్లలను కుక్కలు పడతాయి, అర్రలో కట్టెయ్యి.

నా కండ్లకు ఏమీ కాలేదు. ఆ రీఫిల్ మంచిది కాదు, అందుకని గీత అటూ ఇటూ పోయింది. నేను ఇప్పటికీ కీర్తనలు ముందటి నుంచి కడ దాకా చదువుతాను, ఒక్క మాట తప్పను. ఈ సంగతి మళ్ళీ ఎత్తకు.

రాజ్యం మా ఇంటికి వచ్చింది. కోడలు చాప తీస్తుంటే వద్దని గడప మీదే కూర్చున్నది, అణకువ చూపించడానికి. నోటుబుక్కు తెచ్చింది. "పిన్నిగారూ, ఏ ఇంట్లో ఏ బియ్యం ఇస్తారో మీరు చెబితే రాసుకుంటానండి. మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు" అన్నది. ఇరవై రెండు ఏండ్లు నేను కాళ్ళతో నేర్చుకున్నది ఆమె ఒక పూట కూర్చొని నోటుబుక్కులోకి ఎక్కించుకొని పోతుందట. "నాకు యాదికి లేదు బిడ్డా, ముసలిదాన్నయిన" అన్నాను. అబద్ధమే. నాకు ఒక్కొక్క ముంత గుర్తున్నది, ఏ ముంతకు అంచు పగిలిందో కూడా గుర్తున్నది.

ఆమె నొచ్చుకోలేదు. టీ తాగి, మేకుకు వేలాడుతున్న సంచిని చూసింది. దగ్గరికి పోయి కుట్టు మీద వేలు పెట్టి నిమిరింది. "ఎంత బావుందండీ కుట్టు, ఎవరు కుట్టారు?" అని అడిగింది. మా చెల్లె, జహీరాబాద్‌లో మిషన్ హాస్టల్‌లో ఉంటది అన్నాను. ఆమె ముట్టుకున్న తర్వాత సంచిని ఉతికి ఆరేసినాను. ఎందుకని అడగకు.

ఇంకొకటి విను. ఉప్పలమ్మ తెలుసు గదా, మన కట్టెల అడితి పక్కన ఉండేది. నేను పోతే ఇన్ని ఏండ్లు గ్లాసులో టీ ఇచ్చింది. మొన్న శనివారం పోయేసరికి రాజ్యం అక్కడ కూర్చొని ఉన్నది, చేతిలో కప్పు, కప్పు కింద సాసరు. ఆ ఇంట్లో సాసరు ఉన్నదని నాకు ఈ ఇరవై రెండు ఏండ్లలో తెలియదు. నాకు ఆనాడు కూడా గ్లాసులోనే ఇచ్చింది. మా మనుమరాలు ఇంట్లో ఆమె నేర్పిన పాట పాడుతుంది. కోడలు ఆమె తీరుగా జడకు క్లిప్పు పెడుతున్నది. అయ్యగారు మాటకు ముందు ఒకసారి, వెనుక ఒకసారి రాజ్యమ్మ గారు అంటారు.

బకెట్ల పిల్లలు ఒక ఆదివారం తిరిగి వచ్చినారు. అరబస్తా కూడా రాలేదు. అయ్యగారు ఆలోచించి, డిసెంబరు 11న స్త్రీల ఆదివారం ఉన్నది గదా, ఆనాడు నూట ఇరవై మందికి వంట పెట్టి చూద్దాం, జనవరికి అది మచ్చు అన్నారు. నడిపించేది రాజ్యం. వండేది మన అబ్బయ్య, పెద్ద గుండిగల వంట అతనే చేస్తాడు గదా. బియ్యం మాత్రం నా డబ్బాల్లోంచే. ఆ మాట అయ్యగారు అందరి ముందు అన్నారు. చెంగిచెర్ల వాళ్ళ పొలాలు కోత అయినాయి, కొత్తబియ్యం రావడం మొదలైంది. పాత డబ్బా, కొత్త డబ్బా నేనే చూసి ఇస్తాను. మునుపు గింజను పంటి కింద వేసుకొని టక్కున విరిగితే పాతది అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ పళ్ళు లేవు గానీ కంటితో చూస్తే చాలు, పాతది పసుపు తిరుగుతుంది, కొత్తది తెల్లగా ఉంటుంది.

ఆమె కోసం ప్రార్థన చేయకు. నాకోసం చెయ్యి.

దానమ్మ


నాచారం,
14-12-1988.

చెల్లె రాహేలుకు,

అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నేను చాలా బాగున్నాను. ఆదివారం నాటి సంగతి వెంటనే రాద్దామనుకున్నాను, రెండు రోజులు మనుషులు వస్తూ పోతూ ఉన్నారు, తీరిక కాలేదు.

అన్నం చెడిపోయింది.

ఆరాధన అయింది, స్త్రీలంతా వరుసగా కూర్చున్నారు, రిబ్బన్ల పిల్లలు విస్తర్లు వేసినారు. మేడిపల్లి నుంచి కూడా పదిహేను మంది వచ్చినారు. అబ్బయ్య గుండిగ మూత తీసినాడు, గరిటె పెట్టినాడు, అట్లనే నిలబడినాడు. పైన పలుకు, లోపల సంకటి. కొన్ని గింజలు రాయి తీరు ఉన్నాయి, కొన్ని చేతికి అంటుకుంటున్నాయి. అప్పటికి వేరేది వండే పొద్దు లేదు. అదే వడ్డించినారు. మేడిపల్లి ఆమె ఒకతి ముద్ద నోట్లో పెట్టుకొని, ఇది అన్నమా, పిల్లలకు పెట్టే గుజ్జా అని పక్కామెను అడిగింది, అందరూ వినేటట్టు.

రాజ్యం అందరి ముందుకు వచ్చి నిలబడింది. ముఖం మాడిపోయి ఉన్నది. "తప్పు నాదేనండి. ఎసట్లో నీళ్ళు నేనే తప్పు కొలిచాను. అబ్బయ్య గారిని ఎవరూ ఏమీ అనకండి" అన్నది. అబ్బయ్య ఏదో చెప్పబోయినాడు, ఆమె తల తిప్పి చూసింది, ఆయన నోరు మూసుకున్నాడు. వరి పండే దేశం నుంచి వచ్చింది, ఎసరు కొలవడం రాదు. అదీ ఆమె పెద్దరికం.

దాచను నీ దగ్గర. ఆనాడు నాకు బాగా ఆకలి వేసింది. ఆ అన్నమే రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను. ఉప్పలమ్మ నా పక్కకు జరిగి, "నీ చేతుల ఉంటే గిట్లయ్యేదా దానమ్మా" అన్నది. ఆ మాటకు నాకు ఇంకొంచెం పప్పు కావాలనిపించింది. సాయంత్రం అయ్యగారు ఇంటికే వచ్చినారు. జనవరి అన్నం నీ చేతి మీదనే ఉండాలె దానమ్మా అన్నారు. నాకు తెల్ల రిబ్బను తీసేసి ఎర్రది ఇస్తారట, ఎర్రది బియ్యం గుంపు. సోమవారం పొద్దున లేచి సంచి భుజాన వేసుకొని పని లేకున్నా మన వీధి ఆ మూల నుంచి ఈ మూలకు నడిచినాను.

ఒకటే అర్థం కాలేదు. రాజ్యం నా దిక్కు ఒక్కసారి కూడా చూడలేదు. కోపంగా ఉంటే చూసేది గదా. డబ్బాలో మిగిలిన పాతబియ్యం ఇంటికి తీసుకపోయి రెండు రోజులకు మళ్ళీ తెచ్చి పెట్టిందని అబ్బయ్య చెప్పినాడు. ఎందుకు తీసుకపోయింది? నామీద ఏమైనా పెట్టాలని చూస్తుందా?

ఇంతవరకు నిన్న రాసిపెట్టినాను. ఈ పొద్దు పోస్ట్‌మాన్ ఉమాపతి వీధిలో పోతుంటే, నాకేమైనా ఉన్నదా నాయనా అని అడిగినాను. "నీకేం లేదు పెద్దమ్మా. పోయిన వారం జహీరాబాద్ ఉత్తరం గా పంతులమ్మకొచ్చింది" అన్నాడు.

నాకు రెండు నెలల నుంచి ఉత్తరం లేదు. ఆమెకు వచ్చింది. నా కడుపులోది అంతా నీకు రాస్తుంటే నువ్వు ఆమెకు రాస్తున్నావు. ఆమె నా ఇండ్లు తీసుకున్నది, నా కోడలి జడ తీసుకున్నది, ఉప్పలమ్మ సాసరు తీసుకున్నది, వాటికి మనసుకు ఏదో ఒకటి చెప్పుకున్నాను. నిన్ను కూడా తీసుకుంటే నేను ఏం చెప్పుకోవాలె?

ఎందుకు రాసినావో జవాబు రాయి. లేకుంటే రాయకు.

దానమ్మ


జహీరాబాద్,
21-12-1988.

అక్కా,

నీ ఉత్తరానికి కోపంతో ఒక జవాబు రాసి చింపేసినాను. ఇది రెండోది. దీన్ని ఎండలో కూర్చొని చదువు, వెలుగు ఉన్నచోట. కోడలితో చదివించుకోకు.

రాజ్యం నాకు రెండు ఉత్తరాలు రాసింది. మొదటిది నవంబరు కడపట. సంచి చూసి నీ దగ్గర నా ఊరు తెలుసుకున్నదట. అందులో ఉన్నది ఇంతే: మీ అక్కగారు నాకు ఏమీ చెప్పరు, ఆవిడ పని నాకు వద్దు, ఆవిడ పక్కన నడవనిస్తే చాలు, ఎలా అడగాలో చెప్పండి. నేను జవాబు రాసినాను. అడగకు, శనివారం పొద్దున ఆమె గుమ్మం ముందు నిలబడు, వెంట నడువు, తిడితే తిట్టించుకో అని రాసినాను. ఆమెకు ధైర్యం చాలినట్టు లేదు.

రెండోది ఈ నెల 16న రాసింది. దానిలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను.

"పాతబియ్యం అని పిన్నిగారు ఇచ్చిన డబ్బాలో సగం కొత్తబియ్యం కలిసి ఉంది. వండాక అనుమానం వచ్చి మిగిలింది ఇంటికి తెచ్చి చాటలో పోసి చూశాను. ఆవిడ కావాలని చేసే మనిషి కాదు. ఆవిడకు కనపడటం లేదు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కీర్తన చదవడం నేను చూశాను. రెండు పూటలు కూర్చుని బియ్యం వేరు చేసి డబ్బాల్లో పోసేశాను. నీళ్ళు తప్పు కొలిచానని చెప్పాను. నాకూ అబ్బయ్య గారికీ తప్ప ఎవరికీ తెలియదు. కంటి ఆసుపత్రికి నేను రమ్మంటే సంచి లాక్కోవడానికే అనుకుంటారు. మీరు చెబితే వింటారు."

ఇంతే అక్కా. నువ్వు రెండుసార్లు పెట్టించుకొని తిన్నది నీ చేతి తప్పు.

ఇది చదివి నువ్వు ఎట్లా కూర్చుంటావో నాకు తెలుసు. నిన్ను అట్లా ఒక్కదాన్ని కూర్చోబెట్టి నేను మంచిదాన్ని అనిపించుకోను. నాది కూడా చెప్తాను.

ఆ సంచి నీకోసం కుట్టలేదు. నాకోసం కుట్టుకున్నాను. పిడికెడు బియ్యం పని నాకు ఇస్తానని అప్పటి అయ్యగారి భార్య చెప్పింది. మూడు అరలు నేను అనుకొని కుట్టినవే. ఇంతలో బావ పోయినాడు. నువ్వు జోసఫ్‌ను ఒళ్ళో పెట్టుకొని నాలుగు నెలలు గడప దాటలేదు. ఆ పని దానమ్మకు ఇద్దామా, నలుగురిలో తిరిగితే బతుకుతుంది అని అమ్మగారు నన్ను అడిగింది. ఊ అన్నాను. అన్నాను గానీ, తర్వాత ప్రతి శనివారం నీ భుజాన ఆ సంచి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నువ్వు బతుకుతున్నావని సంతోషం, నా సంచితో బతుకుతున్నావని మంట, రెండూ ఒకటేసారి. జహీరాబాద్‌లో హాస్టల్ పని ఉన్నదని ఈయన అంటే, ఆలోచించకుండా పోదాం అన్నాను. అందరూ జీతం కోసం పోయినాం అనుకున్నారు.

ఇన్ని ఏండ్లు నీ ఉత్తరాల్లో ఎవరింట్లో ఏ ముంతో రాస్తుంటే, ఆ వీధులన్నీ నేను ఇక్కడి నుంచే తిరిగినాను. కాబట్టి నీ కడుపుమంట నాకు కొత్త కాదు. నేను దానితో ఊరు విడిచినాను. నువ్వు ఆ ఆడమనిషిని ఊరు విడిచేటట్టు చేయకు.

కండ్లు చూపించుకో.

రాహేలు


నాచారం,
15-1-1989.

నా చెల్లె రాహేలుకు,

నీ మోకాళ్ళు, మరిది దమ్ము, హాస్టల్ పిల్లలు, మేకపిల్లలు, అందరూ ఎట్లున్నారో రాయి. నేను ఎట్లున్నానో చెప్తాను.

నీ ఉత్తరం క్రిస్మస్ ముందటి రోజు వచ్చింది. మిద్దె మీద ఎండలో కూర్చొని చదివినాను. ఒక్కొక్క మాటకు కాగితం ముక్కు దాకా తెచ్చుకోవాల్సి వచ్చింది. చదివి చర్చి వెనుక అర్రలోకి పోయినాను. పాత డబ్బాలోంచి పది గింజలు, కొత్త డబ్బాలోంచి పది గింజలు తీసి, వెనుక దవడ పంటి కింద ఒక్కొక్కటి కొరికినాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క గింజ తప్పు లేదు. రెండు పూటల్లో అంత బియ్యం ఏరాలంటే మెడ ఎంత నొచ్చిందో ఆమెకు. నాకు దుఃఖం రాలేదు, ముందు కోపం వచ్చింది. నాకంటే బాగా ఏరింది అని.

నిజమే రాసినావు. సంవత్సరం నుంచి కండ్లకు పొగ అడ్డం వచ్చినట్టు ఉన్నది. చెప్తే సంచి తీసుకుంటారని చెప్పలేదు. కీర్తనలు నోటికి వస్తాయి కాబట్టి పుస్తకం పట్టుకుంటే చాలు. తలకిందులుగా పట్టుకుంటానని నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

క్రిస్మస్ నాడు వెనుక వరుసలో కూర్చున్నాను. జనవరి ఒకటి ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయంలో, ఎవరికైనా చెప్పుకునేది ఉన్నదా అని అయ్యగారు అడిగినారు. లేచినాను. జోసఫ్ నడుము నొప్పితోనే లేచి నన్ను పట్టుకోబోయినాడు, వద్దన్నాను. "స్త్రీల ఆదివారం అన్నం చెడగొట్టింది రాజ్యం కాదు, నేను. నాకు కండ్లు కనిపిస్తలేవు. పాతదాంట్ల కొత్తది పోసిన. ఆమె నా మీద మాట రాకుండ తన మీద వేసుకున్నది. నేను నవ్వుకున్న" అన్నాను. కూర్చున్నాను.

ఉప్పలమ్మ కూర్చున్నచోటి నుంచే, "రెండుసార్లు తిన్నవు గదే, శిక్ష అయిపోయింది తీయి" అన్నది. అందరూ నవ్వినారు, నాకు ఊపిరి ఆడింది.

బయటికి వచ్చినాక రాజ్యం నా చెయ్యి పట్టుకున్నది. కండ్లనిండా నీళ్ళు. "ఎందుకు చెప్పారు పిన్నిగారూ, నేను సర్దేశాను కదండీ" అన్నది. "నీ అబద్ధం మీద నేను ఎర్ర రిబ్బను పెట్టుకోలేను బిడ్డా" అన్నాను. రొమ్ము మీది రిబ్బను తీసి ఆమె చేతిలో పెట్టినాను. సంచి కూడా తీసి ఇచ్చినాను. ఇచ్చేటప్పుడు వేళ్ళు విడవడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె చూసింది, తొందర పెట్టలేదు.

నా పని అయిపోయిందని ఆ వారమంతా మంచంలో ముసుగు పెట్టుకున్నాను. శనివారం పొద్దున గుమ్మం ముందు ఎవరో నిలబడినారు. సంచి భుజాన వేసుకొని రాజ్యం. నువ్వు చెప్పినట్టే ఏమీ అడగలేదు, ఊరికే నిలబడింది. నీకు సంచి ఇచ్చిన గదా, పో అన్నాను. "బకెట్లు పట్టుకుని పిల్లలతో నేనూ తిరిగానండి నవంబర్లో. వాకిట్లోనే నిలబెట్టి గుప్పెడు పోసి పంపేశారు. ఒక్క తలుపు కూడా లోపలికి తెరవలేదు. నాకు బియ్యం కనపడతాయి పిన్నిగారూ, తలుపులు తెరుచుకోవు" అన్నది.

చెప్పులు వేసుకున్నాను.

రెండు శనివారాలు అయింది. నేను పిలుస్తాను, ఆమె చూస్తుంది. ఎవరు అంటారు లోపలి నుంచి, నేనే దానమ్మను అంటాను, గొళ్ళెం తీస్తారు. ఆమె ముంతలో చెయ్యి పెట్టి, పాత, కొత్త, కంట్రోలు అని చెప్పి అరలో పోస్తుంది. మొదటి రోజు ఒక ఇంట్లో తప్పు అరలో పోయబోయింది, అరచేతిలో వేసి రాపిడి చూసి నేను ఆపినాను. ఆ సంతోషం నాకు సాయంత్రం దాకా ఉన్నది. డబ్బాలు నిండినాయి, ఆరువందల మందికి సరిపోతాయని అబ్బయ్య అంటున్నాడు. నీళ్ళ సంగతి మాత్రం నాకు ఇప్పటికీ భయమే. వాన సంగతి కూడా.

నాలో మంట పోయిందనుకోకు. నిన్న ఉప్పలమ్మ ఇంట్లో ఆమెకు మళ్ళీ సాసరు ఇచ్చింది, నాకు గ్లాసు. రాజ్యం తన సాసరు తీసి నా గ్లాసు కింద పెట్టింది. మంచితనంతో పెట్టింది. అది ఇంకా మండింది.

కండ్లు చూపించినాను. ఆమెనే తీసుకపోయింది. పొర ముదిరింది, ఫిబ్రవరిలో ఆపరేషన్ అన్నాడు డాక్టరు. కత్తి కంట్లో పెడతారట. ఈ ఉత్తరం వరుసలు తిన్నగా ఉన్నాయి చూడు. రాజ్యం స్కెచ్‌పెన్‌తో లావు గీతలు కొట్టి కాగితాలు ఇచ్చింది. వాటి మధ్య రాస్తున్నాను. ఆమె కాగితం మీద ఆమె మీద చాడీలు రాస్తున్నానని తెలిస్తే ఏమంటుందో.

ఇంక నీ సంగతి. నువ్వు రాసింది పదిసార్లు చదివినాను. నీ సంచి నేను ఇరవై రెండు ఏండ్లు మోసినాను, ఒక్కనాడు నువ్వు ఎందుకు మూడు అరలు కుట్టినావో అడగలేదు. చెల్లె ప్రేమతో ఇచ్చింది అనుకున్నాను. అది కూడా నిజమే గదా, రాహేలూ. ఆ నీలం పూసల దండకు నేను ఇప్పటికీ బాకీ ఉన్నాను. ఈ సంచిని నీకు తిరిగి ఇస్తానని రాయలేను, అది ఇప్పుడు నాది కూడా కాదు.

ఒక పని చెయ్యి. లావు సూది, గట్టి దారం, ఆ గుడ్డకు కలిసే ముక్క ఏదైనా ఉంటే పట్టుకొని రా. సంచికి ఒకటే పట్టీ ఉన్నది, ఒక భుజానికే పనికి వస్తుంది. ఇంకొక పట్టీ కుట్టాలె. ఆమె, నేను చెరో దిక్కు పట్టుకుంటాం. విందుకు ముందటి రోజు, 28 శనివారం, కడపటి తిరుగుడు. ఆనాడు నువ్వు మా మధ్యన నడవాలె. మోకాళ్ళు నొస్తే ప్రతి ఇంట్లో కూర్చుందాం. సాసరు నువ్వు అడుగు, నీకు సిగ్గు లేదు.

గౌలిగూడ బస్టాండులో జోసఫ్ నిలబడి ఉంటాడు, సిటీ బస్సులో తెస్తాడు. రాజ్యం ఇల్లు మా ఇంటికంటే ముందు వస్తుంది, బస్టాపు దగ్గరే. దిగగానే ఆమె పిలుస్తుంది, పిలిచే మనిషే ఆమె. కూర్చోకు, మంచినీళ్ళు కూడా తాగకు. ముందు మా ఇంటికి రా. ఆమె దగ్గరికి నిన్ను నేను తీసుకపోతాను.

జనవరి 27, శుక్రవారం. పొద్దున బస్సుకే.

నీ అక్క
దానమ్మ